ఇంటి వెచ్చదనము: పొయ్యి నుండి గోడ వరకు

పుష్యమాసపు తెల్లవారుజామున మన పల్లెలలో ఇంటి ముంగిట ఎండుటాకులు, చితుకులు పోగుచేసి చలిమంట వేసికొనుట అందరెరిగినదే. మంట చుట్టు కూర్చున్నవారికి ముఖము, అరచేతులు చురుక్కుమనునంతగా వేడెక్కును. వీపు మాత్రము చలికి వణకుచునే యుండును. అందుచేతనే తాతలు మంట ముందు కూర్చుండియు వీపుమీది గొంగళి తీయరు. మనకు ఈ అవస్థ రెండు గంటలే. ప్రొద్దెక్కినంతనే గొంగళి దండెము మీదికి పోవును. తూర్పు కనుమలలోని లంబసింగి వంటి చోట్ల ఉష్ణోగ్రత సున్న దరిదాపులకు దిగు రాత్రులు కొన్ని ఉన్నను, మధ్యాహ్నమునకు సూర్యుడే వచ్చి లెక్క సరిచేయును.

ఏటా ఐదారు నెలలు బిందెలో నీరు గడ్డకట్టు దేశములలో సూర్యుడు అట్లు ఆదుకొనడు. అక్కడ ముఖము కాలి వీపు వణకుట అను ఈ చిన్న అనుభవమే వందల యేండ్లపాటు ప్రాణసమస్యగాను, సంసారపు ఖర్చులలో పెద్ద పద్దుగాను ఉండెను. కట్టెలు కొనుటయా, రొట్టె కొనుటయా అని తేల్చుకొనవలసిన కుటుంబములు లక్షలు. తక్కువ ఖర్చుతో ఇంటిని వెచ్చగా ఉంచుట ఎట్లు అను ప్రశ్న కమ్మరిని, తాపీవానినే కాక ఆయా కాలముల శాస్త్రజ్ఞులలో ఉద్దండులను కూడ ఆకర్షించినది. కళాశాలలో మేము ఉష్ణవహనము, సంవహనము, వికిరణము అని మూడు మాటలలో చెప్పి ముగించు పాఠములో సగము ఆ పొయ్యిల దగ్గర పుట్టినదే.

అన్నిటికంటె చౌకైన ఉపాయము ఇంటిని వదలి మనిషిని మాత్రము వెచ్చబరచుట. కాశ్మీరములో కాంగ్రీ అని ఒక కుంపటి కలదు. చిన్న మట్టిపాత్రకు చుట్టును వెదురుబుట్ట వలె అల్లిక అల్లి, అందులో నిప్పుకణికలు పోసి, ఫెరన్ అను పొడుగు అంగీ లోపల పట్టుకొని తిరుగుదురు. గుప్పెడు బొగ్గులతో పూట గడచును. జపానులో కొతాత్సు అను పొట్టి బల్ల క్రింద నిప్పులుంచి, పైన బొంత కప్పి, ఇంటిల్లపాది కాళ్లు అందులో దూర్చి కూర్చుందురు. ఇప్పుడు నిప్పుల స్థానములో విద్యుత్తు వచ్చినది గాని బల్లయు బొంతయు అట్లే యున్నవి. ఖర్చు దృష్ట్యా ఇంతకు మించిన యుక్తి లేదు. కాని కాంగ్రీకి వేరొక మూల్యము ఉన్నది. ఏండ్ల తరబడి పొట్టకు, తొడలకు సెగ తగిలినవారిలో అదే చోట చర్మమునకు పుట్టు క్యాన్సరును గూర్చి ఎల్మ్స్లీ అను వైద్యుడు 1866లో వ్రాసెను. మూసిన గదిలో నిప్పులుంచుకొని నిద్రించుట మరింత ప్రమాదకరము. బొగ్గు సరిగా కాలనప్పుడు పుట్టు కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబినును అది ఆమ్లజని కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. మన దేశములో ఇప్పటికిని చలికాలములో కుంపటి పెట్టుకొని పడుకొన్న కుటుంబములు తెల్లవారి లేవలేదను వార్తలు వచ్చుచునే యున్నవి. కుంపటి ఎంత చిన్నదైనను తలుపు వారగా తెరచి యుంచవలెను.

ఐరోపా పల్లెయిండ్లలో చాలాకాలము మంట గది నడుమనే ఉండెను. పొగ కప్పులోని సందులగుండ తనకు తోచినట్లు పోయెడిది. పొగగొట్టములు 12వ శతాబ్ది నుండి కోటలలో కనబడినను, ఇంగ్లండులో సామాన్యుల ఇండ్లకు అవి 16వ శతాబ్దిలోగాని రాలేదు. విలియం హారిసను అను మతాచార్యుడు 1577లో అచ్చయిన తన దేశవర్ణన గ్రంథములో, ఊరి ముసలివారు తమ యెరుకలో వచ్చిన గొప్ప మార్పులలో పొగగొట్టములు విరివియగుటను ఒకటిగా చెప్పుచుండిరని వ్రాసెను. అంతతో ఊరుకొనక, పూర్వము పొగ ఇంటి దూలములను గట్టిపరచి మనుష్యులను రోగముల నుండి కాపాడెడిదని కూడ ఆ పెద్దలు నమ్ముచుండిరట. మన అవ్వలు విత్తనపు కంకులను వంటింటి పొగ తగులునట్లు వ్రేలాడదీయుట చూచినవారికి ఈ నమ్మకము మరీ వింతగా తోచదు. పురుగుల మట్టుకు పొగ పనిచేయును. ఊపిరితిత్తుల సంగతి వేరు.

పొయ్యిలు ఎక్కువైన కొలది ప్రభుత్వమునకు వానిపై కన్ను పడినది. 1662లో ఇంగ్లండు పార్లమెంటు పొయ్యికి ఏటికి 2 షిల్లింగుల చొప్పున పన్ను విధించినది. నిరుపేదలకు మినహాయింపు ఉన్నను, పన్నులవాడు ఇంటిలోనికి వచ్చి పొయ్యిలు లెక్కపెట్టుట జనులకు ఎంత కంటగింపయినదనగా, 1689లో కొత్త రాజదంపతులు సింహాసనమెక్కిన వెంటనే దానిని రద్దుచేయవలసి వచ్చినది.

పన్ను కట్టి, కట్టెలు కొని, వెలిగించిన ఆ గోడపొయ్యి ఇచ్చిన సుఖమెంత? చాల స్వల్పము. కారణము తెలిసికొనుటకు పరికరములు అక్కరలేదు. వెలిగించిన అగరువత్తి చాలును. మండుచున్న గోడపొయ్యి ఉన్న గదిలో తలుపు సందు దగ్గర అగరువత్తి పట్టినచో పొగ గది లోనికి పారును; పొయ్యి ముందు పట్టినచో గొట్టములోనికి దూసికొనిపోవును. మంట వలన వేడెక్కిన గాలి తేలికయై గొట్టమున పైకి పోవును. దాని వెంట గదిలోని వెచ్చని గాలియు పోవును. పోయిన గాలికి బదులు గాలి రావలెను గదా! అది కిటికీ సందుల నుండి, తలుపు క్రింది నుండి మంచువలె చల్లగా వచ్చి కూర్చున్నవారి వీపునకు తగులును. కనుక మంట ఎంత పెద్దదైన గదిలోనికి వచ్చు చలిగాలి అంత ఎక్కువ. ఇంటివానికి దక్కునది మంట నుండి కిరణములుగా సూటిగా వచ్చి తాకు వేడి మాత్రమే. కాల్చిన కట్టెలోని శక్తిలో ఇంచుమించు పదవ వంతు అట్లు దక్కిన అదృష్టమే. తక్కిన తొమ్మిది వంతులతో అతడు ఆకాశమును వెచ్చబరచుచుండెను.

తూర్పుదేశముల వారు ఈ విషయములో మొదటి నుండియు తెలివిగా నడచుకొనిరి. కొరియా ఇండ్లలో వంటపొయ్యి గది నేల కంటె పల్లములో ఉండును. అందలి పొగ నేరుగా బయటికి పోదు. పలుచని రాతిపలకలు పరచిన నేల క్రింది దారులగుండ ప్రాకి, తన వేడినంతయు రాళ్లకు అప్పగించి, ఇంటి ఆవలి వైపున ఉన్న గొట్టమునుండి వెలుపలికి పోవును. పలకలపై మట్టి పూసి నూనె పట్టించిన కాగితము అంటింతురు. అన్నము ఉడికిన మంటతోనే పడకయు వెచ్చనగును. దీనికి ఓందోల్, అనగా వెచ్చని రాయి అని పేరు. పొయ్యికి దగ్గరగా ఉండు చోటు పెద్దలది, అతిథులది. ఉత్తర చైనాలో ఇదే విధముగా మట్టి అరుగు క్రింద పొగను పారించి ఆ అరుగుపై పండుకొందురు. దానిని కాంగ్ అందురు. రోమను ధనికులు స్నానశాలల నేలను చిన్న స్తంభములపై నిలిపి క్రింద వేడిగాలిని పారించిరి గాని, అది బానిసలు కట్టెలు మోసినంతకాలము సాగిన వైభోగము. ఓందోల్ పేదయింటి వస్తువు. ఇరువదవ శతాబ్దిలో కొరియావారు కట్టెలకు బదులు చిల్లులున్న బొగ్గు ఇటుకలు కాల్చసాగినప్పుడు నేల బీటలగుండ విషవాయువు గదిలోనికెక్కి నిద్రలోనే అనేకులు మరణించిరి. తరువాత నేల క్రింద వేడినీటి గొట్టములు వచ్చినవి. అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ టోకియోలో ఒక కొరియా గదిలో కూర్చుండి ఈ నేలవేడిని రుచిచూచి, 1937లో తాను కట్టిన జేకబ్స్ గృహములో దానిని వాడెను.

స్వీడను దేశములో సమస్య వేరుదారిన పరిష్కారమైనది. అడవులు తరిగిపోవుచున్నవని భయపడిన ప్రభుత్వము కట్టె ఆదా చేయు పొయ్యిని కనిపెట్టుడని కార్ల్ యోహాన్ క్రొన్స్టెట్, ఫాబియన్ వ్రేదె అను ఇద్దరిని నియోగింపగా, వారు 1767లో క్రొత్త పెంకుపొయ్యిని సిద్ధపరచిరి. అందులో పొగ ఇటుకలతో కట్టిన వంకరదారులలో పైకి, క్రిందికి, మరల పైకి తిరిగి తన వేడిని ఇటుకలకు ఇచ్చును. ఉదయము కొద్దిసేపు కట్టెలు మండించి, నిప్పు ఆరిన పిమ్మట గొట్టమునకు మూత వేసినచో ఇటుకలరాశి రాత్రి వరకు మెల్లగా వేడిని విడుచుచుండును. మూత వేయుటయే ఇందులోని కిటుకు. తొందరపడి నిప్పు ఉండగా మూసిన ప్రాణాపాయము; మరచిపోయిన వేడి పోవును.

ఇంగ్లీషువారికి మాత్రము మూసిన పొయ్యి రుచించలేదు. మంట కంటికి కనబడవలెను. ఈ పట్టుదలయే ఇద్దరు బెంజమినులకు పని కల్పించినది. ఇద్దరును అమెరికాలోని మసాచుసెట్సులో పుట్టినవారే. వారి జన్మస్థలముల నడుమ దూరము ఒక పూట నడక. మొదటివాడు 1706లో బోస్టనులో జన్మించిన బెంజమిన్ ఫ్రాంక్లిన్. పిడుగును గాలిపటముతో పరీక్షించుటకు పది యేండ్ల ముందే ఆయన మనస్సు పొయ్యిపై ఉండెను. ఫిలడెల్ఫియా పట్టణము పెరిగిన కొలది చుట్టుప్రక్కల అడవి వెనుకకు జరుగుచు కట్టెల ధర పెరుగుచుండెను. 1740 దశాబ్ది ఆరంభములో ఆయన పోత ఇనుప రేకులతో ఒక పొయ్యిని కల్పించెను. మంట ముందు వైపు కనబడును. దాని వెనుక ఒక ఇనుప గాలిపెట్టె. ఇంటి క్రింది నుండి వచ్చిన తాజాగాలి అందులో మెలికలు తిరిగి వేడెక్కి గదిలోనికి వచ్చును. పొగ ఆ పెట్టె మీదుగా పోయి, వెనుక క్రిందికి దిగి, నేలలోని దారిగుండ పొగగొట్టమును చేరును. గాలిపెట్టె ఊహ 1713లో ఫ్రెంచి గ్రంథకర్త నికొలా గోజే వ్రాసిన దానిలో ఉన్నదే. 1744లో ఫ్రాంక్లిన్ తన పొయ్యిని వివరించుచు ఒక చిన్న పుస్తకము అచ్చొత్తించెను. తన గది మునుపటికి రెండింతలు వెచ్చగా ఉన్నదనియు, కట్టెలు పూర్వపు దానిలో నాల్గవవంతు మాత్రమే ఖర్చగుచున్నవనియు అందులో చెప్పుకొనెను. కిటికీ సందుల చలిగాలి వలన స్త్రీలకు జలుబులు చేసి, ఆ నీరు చిగుళ్లకు దిగి, పండ్లు పాడగుచున్నవని కూడ వాదించెను. ఇది నేటి వైద్యుడు ఒప్పుకొనడు గాని, కొనువారిని ఒప్పించు నేర్పు ఫ్రాంక్లినుకు తెలియును.

పెన్సిల్వేనియా గవర్నరు పేటెంటు ఇచ్చెదనన్నను ఆయన పుచ్చుకొనలేదు. ఇతరులు కనిపెట్టినవానిని మనము అనుభవించుచున్నాము గనుక మనది వారికి ఉచితముగా ఇచ్చుట న్యాయమని ఆయన మతము. లండనులో ఒక ఇనుపసామానుల వర్తకుడు ఆ పుస్తకము చూచి, స్వల్పమైన మార్పులు చేసి, తన పేర పేటెంటు పుచ్చుకొని సొమ్ము చేసికొనెను. ఆ మార్పులు మంచికి కాదని ఫ్రాంక్లిన్ స్వీయచరిత్రలో పొడిచిపెట్టెను. నిజము చెప్పవలెనన్న అసలు పొయ్యిలోను లోపమున్నది. పొగ స్వభావము పైకి పోవుట. దానిని ముందు క్రిందికి దిగుమనుట బలవంతమే. గొట్టము బాగుగా వేడెక్కి లాగుచున్నంతసేపు పొగ మాట వినును. మంట తగ్గినంతనే తిరుగబడి గదిలోనికి వచ్చును. ఈనాడు ఫ్రాంక్లిన్ స్టవ్ అని చెప్పబడు వానిలో పొగ క్రిందికి దిగదు. తరువాతి వారు, ముఖ్యముగా డేవిడ్ రిటన్‌హౌస్, ఆ భాగము తీసివేసి తిన్నని గొట్టము పెట్టిరి. పేరు మాత్రము ఫ్రాంక్లినుకు మిగిలినది.

రెండవ బెంజమిను 1753లో వోబర్ను గ్రామములో పుట్టిన బెంజమిన్ థామ్సన్. స్వాతంత్ర్య పోరాటములో ఫ్రాంక్లినుకు ఎదురుపక్షము వహించి, ఇంగ్లండు చేరి, అటనుండి జర్మనీలోని బవేరియా ప్రభువు కొలువునకు పోయి, అక్కడ రంఫర్డు కౌంటు అను బిరుదు పొందెను. మనిషి అహంభావి, స్నేహితులు తక్కువ. గూఢచారి పని కూడ చేసెను. ఇవన్నియు చెప్పిన తరువాత, పేదవాని పొయ్యిని గూర్చి అంత శ్రద్ధగా ఆలోచించిన శాస్త్రజ్ఞుడు ఆ శతాబ్దిలో మరియొకడు లేడని కూడ చెప్పవలెను. 1790 జనవరి 1వ తేదీన ఆయన మ్యూనిచ్ నగరములోని బిచ్చగాండ్రను సైనికుల చేత పట్టించి, వెచ్చని శాలలో ఉంచి, యవలు, బఠాణీలతో కాచిన చారు పోసి, సిపాయిల దుస్తులు కుట్టు పనిలో పెట్టెను. పట్టుకొనుట జులుమే, పెట్టినది అన్నమే. వేలమందికి వండుటలోను, బట్ట కట్టించుటలోను ఎంత వేడి వృథా అగుచున్నదో ఆయన అక్కడ లెక్క చూచుకొనెను.

బట్ట వెచ్చగా ఎందుకుండును? రంఫర్డు ఒక ఉష్ణమాపకపు బుడ్డిని గాజుగోళము నడుమ వ్రేలాడదీసి, ఆ నడిమి ఖాళీలో దూది, ఉన్ని, పట్టు, పక్షి ఈకలు ఒకదాని తరువాత ఒకటి నింపెను. ప్రతిసారి మరుగునీటిలో వేడిచేసి మంచునీటిలో ముంచి, పాదరసము 70 నుండి 10 రోమర్ డిగ్రీలకు దిగుటకు ఎన్ని సెకండ్లు పట్టునో కొలిచెను. వట్టి గాలి ఉన్నప్పుడు 576 సెకండ్లు. దూది పెట్టగా 1,046. గొర్రె ఉన్ని 1,118. ఈడరు బాతు నూగుఈకలు 1,305. నింపిన పదార్థము బరువు ప్రతిసారి సమానము, అదియును అతి స్వల్పము. కనుక వేడిని ఆపినది ఉన్ని కాదు, ఉన్నిపోగుల మధ్య కదలలేక చిక్కుకొన్న గాలి అని ఆయన గ్రహించెను. గాలి తిరుగకుండ పట్టి ఉంచిన అదియే కంబళి. గాలి ఉష్ణమును అసలే వహింపదని ఆయన ఇంకొక అడుగు ముందుకు వేసినది పొరపాటు. అతి స్వల్పముగా వహించును. 1792లో రాయల్ సొసైటీ ఆయనకు కాప్లీ పతకము నిచ్చినది. ఈ గాజుగోళపు ప్రయోగమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. దానికి ఇంటి గోడలలో పని దొరకుటకు చాలకాలము పట్టినది.

1795లో లండనుకు తిరిగివచ్చిన రంఫర్డునకు ఆ నగరము పొగతో కప్పబడి కనిపించెను. అది కాలని బొగ్గే గదాయని, అనగా ఆకాశములో తేలుచున్న ధనమని ఆయన బాధపడెను. 1796లో గోడపొయ్యిని గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. అందులోని మార్పు ఎంత సులభమనగా తాపీవాడు కొన్ని ఇటుకలు, సున్నముతో చేయగలడు. పాత పొయ్యి లోతైన చదరపు గుహ. అందులో మనిషి నిలువవచ్చును. రంఫర్డు వెనుకగోడను ముందుకు జరిపెను. దాని వెడల్పు ముంగిలి వెడల్పులో మూడవవంతు ఉండవలెను. ప్రక్కగోడలు వెనుకగోడతో 135 డిగ్రీల కోణము చేయుచు ఏటవాలుగా విచ్చుకొని, సున్నము కొట్టి తెల్లగా ఉండవలెను. అప్పుడు కిరణములు గది వైపు మరలును. ఇనుము వాడవద్దనెను. పైన పొగ పోవు గొంతును 4 అంగుళములకు కుదించెను. గది గాలి గుంపుగా లేచిపోవు మార్గమును ఇరుకుచేసినచో పొగ మాత్రము పోవును, వెచ్చదనము నిలుచును. పొగ వెనుకకు తన్ను ఇండ్లకు కూడ ఇదియే మందు. ఆయన కూడ పేటెంటు తీసికొనలేదు. కొద్ది యేండ్లలో రంఫర్డు పొయ్యి సంపన్నుల ఇండ్లలో నాగరకతకు గుర్తయ్యెను. గిల్‌రే అను చిత్రకారుడు 1800లో రంఫర్డు తన పొయ్యికి వీపు పెట్టి కోటు ఎత్తి కాచుకొనుచున్నట్లు వ్యంగ్యచిత్రము వేసెను. జేన్ ఆస్టిన్ నవల నార్తేంగర్ ఆబీలో కథానాయిక పాతకోటలో భయంకరమైన పెద్ద పొయ్యిని చూడగోరి పోయి, అక్కడ చిన్న రంఫర్డును చూచి నిరాశపడును.

ఈ నడుమనే, మ్యూనిచ్ ఆయుధశాలలో ఫిరంగి గొట్టమును తొలచునప్పుడు పుట్టు వేడితో రెండున్నర గంటలలో నీరు మరిగించి చూపి, ఉష్ణము ఒక ద్రవ్యము కాదు, చలనమే అని 1798లో ఆయన వాదించినది భౌతికశాస్త్రమున ప్రసిద్ధము. మన పాఠ్యపుస్తకములలో ఫిరంగి ఉన్నది, పొయ్యి లేదు. వంటపొయ్యి విషయములో రంఫర్డు చెప్పిన తత్త్వమునే, అనగా మంటను మూసి, దారిని ఇరుకుచేసి, పొగను గొట్టములోనికి పంపుటను, మన హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన ఎస్. పి. రాజు మట్టితోనే చేసి చూపి, 1953లో పొగలేని వంటిండ్లపై ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. ఆ పొయ్యి దేశమంతట ఆ పరిశోధనాలయపు పేరుతోనే వ్యవహరింపబడినది.

పొగగొట్టము కథలో చెప్పక తప్పని ఒక అధ్యాయము ఉన్నది. రాక్షసిబొగ్గు కాల్చు ఇండ్లలో గొట్టములు ఇరుకు. సాధారణముగా 9 అంగుళములు, 14 అంగుళములు కొలత. లోపల పేరుకొన్న మసి అంటుకొనకుండ దానిని గోకవలెను. ఆ కొలతలో దూరగలిగినవారు పిల్లలు మాత్రమే. పేదల పిల్లలను ఐదారేండ్లకే యజమానులకు అప్పగించెడివారు. వారు మోకాళ్లు, మోచేతులు ఒరసికొనుచు చీకటిలో పైకి ప్రాకెడివారు. ఆ పని చేసి పెరిగినవారికి అండకోశమునకు వచ్చు క్యాన్సరునకు మసియే కారణమని పెర్సివల్ పాట్ అను శస్త్రవైద్యుడు 1775లో చెప్పెను. వృత్తి వలన క్యాన్సరు వచ్చునని వైద్యలోకము మొదట తెలిసికొన్నది వీరి శరీరముల వలననే. రంఫర్డు తన ఇరుకు గొంతు వెనుక పిల్లవాడు దూరుటకు వీలుగా ఒక చిన్న ద్వారము విడిచి, పలకతో మూసి, మసి తీయునపుడు పలకను తొలగింపుడని జాగ్రత్తగా వ్రాసెను. అంతటి సూక్ష్మబుద్ధికి కూడ అక్కడ పిల్లవానికి బదులు ఒక చీపురు తోచకపోవుట ఆశ్చర్యము. చట్టములు 1788 నుండి వరుసగా వచ్చినవి, వరుసగా ఉల్లంఘింపబడినవి. 1875లో కేంబ్రిడ్జి సమీపమున జార్జి బ్రూస్టరు అను బాలుడు గొట్టములో చిక్కుకొని మరణించిన పిమ్మట వచ్చిన చట్టముతోగాని ఈ దురాచారము ఆగలేదు.

పొయ్యి బాగుపడినను బొగ్గు మారలేదు. 1952 డిసెంబరు 5 నుండి 9 వరకు లండను మీద చలిగాలి కదలక నిలిచినది. జనులు చలికి మరింత బొగ్గు వేసిరి. యుద్ధానంతరపు రేషను ఇంకను ఉండగా, అప్పుడు విరివిగా దొరకినది నాసిరకపు బొగ్గుపొడి. లక్షలాది పొగగొట్టముల పొగ పైకి పోలేక వీథులలో నిలిచి, పగలే దారి కనబడలేదు. ఆ రోజులలోను వెనువెంటను సుమారు 4,000 మంది మరణించిరని అప్పటి లెక్క. తరువాతి పరిశోధకులు 12,000 వరకు ఉండవచ్చుననిరి. 1956లో శుద్ధవాయు చట్టము చేసి, పొగరాని ఇంధనములకు పొయ్యిలను మార్చుకొనుటకు ఇంటివారికి కొంత డబ్బు కూడ ఇచ్చిరి. చౌకబొగ్గు నిజముగా చౌక కాదని తేలుటకు అన్ని ప్రాణములు పోవలసి వచ్చినది.

అప్పటివరకు అందరి దృష్టియు మంట పైననే. గోడను పట్టించుకొన్నవారు అరుదు. 1973 అక్టోబరు తరువాత చమురు ధర కొద్ది నెలలలోనే పీపాకు 3 డాలర్ల నుండి 12 డాలర్ల దరిదాపునకు పెరిగినపుడు చలిదేశముల సంసారములు ఒక్కసారిగా ఉలికిపడినవి. కెనడాలోని రెజైనా నగరములో హారల్డ్ ఓర్ మొదలగు ఇంజనీరులు 1977లో ఒక ఇల్లు కట్టిరి. అక్కడ చలికాలపు రాత్రులు సున్నకు 30 డిగ్రీల దిగువకు పోవును. వారు ఆ ఇంటిలో కొలిమియే పెట్టలేదు! గోడను 12 అంగుళముల మందము చేసి లోపల ఉష్ణబంధకము కూరిరి. కప్పులో అంతకంటె ఎక్కువ. సందులన్నియు మూసి, లోపలికి వచ్చు గాలికి బయటికి పోవు గాలియే తన వేడిని ఇచ్చిపోవు యంత్రము అమర్చిరి. ఒంటి వేడి, వంట, దీపములు, కిటికీలోని ఎండ దాదాపు సరిపోయినవి. సూర్యరశ్మితో నీరు కాచు ఖరీదైన యంత్రమొకటి కూడ పెట్టిరి గాని, అసలు పని చేసినది చౌకైన గోడయే అని తరువాత తెలిసినది. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో వుల్ఫ్‌గాంగ్ ఫైస్ట్, స్వీడనుకు చెందిన బో ఆడమ్సను ఆలోచనపై 1991లో పూర్తియైన ఇండ్లు ఈ మార్గమునే పట్టినవి. చదరపు మీటరుకు ఏడాదికి 15 కిలోవాట్ గంటలకు మించి వేడి అక్కరలేకుండుట వాని లక్షణము.

లెక్క చూడుడు. కదలని గాలి ఉష్ణవాహకత్వము మీటరుకు డిగ్రీకి 0.025 వాట్లు, ఖనిజపు ఉన్నిది 0.04, ఇటుకది సుమారు 0.7. అనగా 10 సెంటీమీటర్ల ఉన్ని పొర, 170 సెంటీమీటర్లకు పైబడిన ఇటుకగోడతో సమానము. రంఫర్డు గాజుగోళము ఇల్లంత పెరిగినదన్నమాట.

మరి ఇంత తెలిసిన తరువాత కూడ చలికి వణకువారు ఎందుకున్నారు? బ్రెండా బోర్డ్‌మన్ 1991లో ఇంధన దారిద్ర్యమును గూర్చి వ్రాసిన పుస్తకము ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్నది. తగినంత వెచ్చదనమునకు ఆదాయములో పదవవంతు కంటె ఎక్కువ ఖర్చు చేయవలసిన కుటుంబమును ఆమె అట్టిదిగా లెక్కించెను. పేదవాని ఇల్లు పాతది, సందులది. కనుక ఒకే వెచ్చదనమునకు అతడే ధనికుని కంటె ఎక్కువ ఇంధనము కొనవలెను. గోడ బాగుచేయుటకు ఒకసారి పెద్దమొత్తము కావలెను, అది అతని వద్ద లేదు. అద్దె ఇల్లైనచో చిక్కు మరింత: ఖర్చు యజమానిది, లాభము అద్దెదారుది. అమెరికా ప్రభుత్వము 1976 నుండి పేదల ఇండ్లకు బంధకము కూర్చి సందులు మూయు పథకము నడుపుచున్నది. పొయ్యి కొనుటకు డబ్బు ఇచ్చుట కంటె సందు మూయుటకు ఇచ్చుట మేలని నా అభిప్రాయము. మొదటిది ప్రతి ఏడు ఇవ్వవలెను. చలిదేశములకు చదువులకు పోయిన మన పిల్లలు అద్దె గదుల కిటికీలకు పలుచని ప్లాస్టిక్ పొర బిగించి, జుట్టు ఆరబెట్టు యంత్రముతో దానిని బిర్రుగా చేసికొనుచున్నారు. అద్దమునకు పొరకు నడుమ చిక్కిన గాలి కొద్ది డాలర్లకే వచ్చిన కంబళి.

మన దేశములోని లడఖ్ సంగతి చెప్పి విరమింతును. లేహ్ పట్టణము 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. కట్టె లేదు, పిడకలే ఆధారము, శీతకాలమున సున్నకు 20 డిగ్రీల దిగువ వరకు చలి. కాని ఎండ మాత్రము పుష్కలము. అక్కడ కొన్ని ఇండ్లలో, పాఠశాలలలో దక్షిణపు గోడను మట్టి ఇటుకలతో కట్టి, నలుపు వేసి, కొద్ది అంగుళముల ఎడముగా ముందు అద్దము నిలుపుదురు. అమెరికాలో ఎడ్వర్డ్ మోర్స్ 1881లో ఇట్టిదానికి పేటెంటు పొందెను. ఫ్రాన్సులోని ఓదెయ్యోలో ఫెలిక్స్ త్రోంబ్ 1967లో మరల కట్టిన తరువాత దానికి ఆయన పేరు వచ్చినది. పగలు ఎండకు గోడ కాగును. గోడ అడుగున, పైన ఉన్న రంధ్రములగుండ గది గాలి ఆ సందులోనికి పోయి వేడెక్కి తిరిగి గదిలోనికి వచ్చును. మట్టిలోనికి ఇంకిన వేడి 8, 10 గంటలకు మెల్లగా లోపలివైపు చేరును, అప్పటికి రాత్రియగును. సూర్యాస్తమయమున రంధ్రములకు మూతలు వేయవలెను. మరచినచో అద్దము వద్ద చల్లబడిన గాలి క్రింది రంధ్రమునుండి గదిలోనికి పారి, పై రంధ్రము వెచ్చని గాలిని లాగికొనిపోవును. ఆ ఇండ్లలో సాయంకాలము మూతలు వేయు పని సాధారణముగా పిల్లలదే.